పిల్లలతో, పెద్దవాళ్ళతో కొలరాడోలో ఎల్క్ వేటకి: హెచ్1బీ మీద ఉన్న ఒకాయన ప్రశ్నకి నా జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది. డెన్వర్ శివారులో ఉంటున్న ఒకాయన రాశారు: "మా పక్కింటి అమెరికన్ కుటుంబం ఏటా అక్టోబర్‌లో మీకర్ వైపు కొండల్లోకి ఎల్క్ వేటకి వెళ్తుంది. ఈసారి మమ్మల్ని కూడా రమ్మన్నారు. మా అబ్బాయికి 13, అమ్మాయికి 9, ఇద్దరూ ఇక్కడే పుట్టారు. నేను హెచ్1బీ. అదే సమయానికి మా నాన్నగారు కరీంనగర్ నుంచి వచ్చి ఉంటారు. అబ్బాయి తుపాకీ పట్టి వేటాడతానంటున్నాడు. మా ఆవిడకి టెన్షన్‌గా ఉంది. వెళ్ళొచ్చా? ఏమేం చూసుకోవాలి?"

వెళ్ళొచ్చు. నేను చాలా ఏళ్లుగా ఈ రాష్ట్రంలోనే ఉంటున్నాను, ఎల్క్‌ని, అంటే ఇక్కడి పెద్ద జాతి జింకని, వేటాడుతున్నాను, నా పిల్లలు కూడా ఈ కొండల్లోనే నేర్చుకున్నారు. అందుకని కాస్త వివరంగానే రాస్తాను. ముందుగా ఒక మాట. కొత్తవాళ్ళంతా తుపాకీ ఏది, టెంట్ ఏది, బూట్లు ఏవి అని మొదలుపెడతారు. మీరు వెనకనుంచి మొదలుపెట్టండి. ఎల్క్ పడిపోయింది, సాయంత్రం ఐదయింది, చీకటి పడుతోంది, చలి మొదలైంది, పక్కన పిల్లలున్నారు. అప్పుడు మీ దగ్గర ఎవరున్నారు, ఎంత దూరం మోయాలి, ఎలా మోస్తారు? దీనికి జవాబు దొరికితే మిగతా నిర్ణయాలన్నీ దాన్నిబట్టి వాటంతటవే తేలిపోతాయి.

అయితే అంతకంటే ముందు మీ వీసా సంగతి చూడాలి. మనవాళ్ళలో చాలామందికి ఇది తెలియదు, అమెరికన్ పక్కింటివాళ్ళకి అసలే తెలియదు. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, బీ2 (విజిటర్ వీసా) ఇవన్నీ తాత్కాలికంగా ఉండేవాళ్ళకిచ్చే నాన్‌ఇమిగ్రెంట్ వీసాలు. ఈ వీసాల మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ తమ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళకి ఈ నిషేధం లేదు. మీలాంటివాళ్ళకి చట్టంలోనే ఉన్న ముఖ్యమైన మినహాయింపు, అమెరికాలో చట్టబద్ధంగా జారీ అయిన, గడువు తీరని వేట లైసెన్స్ చేతిలో ఉండటం. ఫిషింగ్ లైసెన్స్ దీనికి పనికిరాదు. పట్టుబడితే జైలు శిక్ష సంగతి అటుంచండి, తుపాకీ కేసు ఒక్కటి చాలు డిపోర్టేషన్ దాకా వెళ్ళడానికి. పదేళ్లుగా గ్రీన్‌కార్డ్ లైన్లో నిలబడ్డవాళ్ళు ఒక శనివారం సరదాకి ఆ రిస్క్ తీసుకోవడం నాకు అర్థం కాదు. షూటింగ్ రేంజ్‌లో అద్దె తుపాకీ అయినా, పక్కింటాయన "ఒకసారి పట్టుకుని చూడు" అని చేతికిచ్చినా చట్టం ఒకటే.

కాబట్టి మీరు తుపాకీ ముట్టుకునే ముందు వేట లైసెన్స్ తీసుకోవాలి. కొలరాడోలో 1949 జనవరి 1 తరవాత పుట్టినవాళ్ళు లైసెన్స్ కొనాలంటే సాధారణంగా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసై ఉండాలి. ఆ కోర్సు చివర ఎదురుగా కూర్చుని చేయాల్సిన భాగంలో కొన్నిచోట్ల తుపాకీ కాల్పిస్తారు. మీకు అప్పటికి లైసెన్స్ ఉండదు కదా, అందుకని ఇన్‌స్ట్రక్టర్‌కి ముందే ఫోన్ చేసి మీ వీసా సంగతి చెప్పండి. మీ ఇమిగ్రేషన్ లాయర్‌కి కూడా ఒక ఈమెయిల్ పెట్టి లిఖితంగా జవాబు తీసుకోండి. నేను లాయర్ని కాను, వేటగాణ్ణి. ఎల్క్ లాంటి పెద్ద జంతువుల వేటకి ఇచ్చే బిగ్ గేమ్ లైసెన్స్ ఆ సీజన్ రోజులకే చెల్లుతుంది. చిన్న జంతువుల వేటకి ఇచ్చే స్మాల్ గేమ్ వార్షిక లైసెన్స్ మాత్రం మార్చి 1 నుంచి మరుసటి ఏడాది మార్చి 31 దాకా నడుస్తుంది. వేసవంతా రేంజ్‌కి వెళ్ళి అబ్బాయికి నేర్పించాలనుకునే నాన్‌ఇమిగ్రెంట్ తండ్రికి ఈ రెండోదే అక్కరకొస్తుంది.

మీ నాన్నగారి విషయంలో ఇంకా గట్టిగా చెప్తున్నాను. ఆయన బీ2 మీద వస్తారు, ఆయన దగ్గర లైసెన్స్ ఉండదు. ఫోటో కోసం కూడా ఆయన చేతికి తుపాకీ ఇవ్వొద్దు. ఆ ఫోటో వాట్సాప్‌లో మీ బంధువులందరికీ వెళ్తుంది, అక్కడినుంచి ఫేస్‌బుక్‌కి వెళ్తుంది. ఎందుకొచ్చిన గొడవ. ఎల్క్ పక్కన నిలబడి ఫోటో దిగమనండి, తుపాకీ మాత్రం అప్పటికే ఖాళీ చేసి సంచిలో పెట్టేసి ఉండాలి.

మీ అబ్బాయి ఇక్కడ పుట్టినవాడు కాబట్టి వాడికి ఈ చిక్కు లేదు. కొలరాడోలో బిగ్ గేమ్ వేటకి కనీస వయసు 12. పదహారు నిండేవరకు పక్కన 18 దాటిన పెద్దవాళ్ళు ఒకరు ఉండాలి, ఆ పెద్దమనిషి కూడా హంటర్ ఎడ్యుకేషన్ షరతు తీర్చినవాడై ఉండాలి. బైనాక్యులర్స్, వాకీటాకీ లాంటివి లేకుండా పిల్లాణ్ణి నేరుగా చూడగలిగేంత, వాడి మాట వినగలిగేంత దగ్గర్లో ఉండాలి. వాణ్ణి ఒక చెట్టు కింద కూర్చోబెట్టి మీరు పక్క గుట్ట ఎక్కి వస్తానంటే కుదరదు. మీకు లైసెన్స్ రాకపోతే ఆ పెద్దమనిషి బాధ్యత పక్కింటాయనదే అవ్వాలి, తుపాకీ ఆయన అధీనంలోనే ఉండాలి. ఇది చదివే వేరేవాళ్ళ కోసం ఇంకో సంగతి: పన్నెండు దాటినవాళ్ళు లైసెన్స్ కొనేటప్పుడు సోషల్ సెక్యూరిటీ నంబర్ అడుగుతారు. హెచ్4 పిల్లలకి సాధారణంగా అది ఉండదు. కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్, అదే సీపీడబ్ల్యూ, ఆఫీసుకి ముందే వెళ్ళి మాట్లాడుకోండి, ఆఖరి వారంలో పరిగెత్తొద్దు.

ఇక ట్యాగ్, అంటే ఒక ఎల్క్‌ని వేటాడటానికి లైసెన్స్‌తో ఇచ్చే చీటీ. మీ అబ్బాయికి ఆడ ఎల్క్ ట్యాగ్ తీసుకోండి, మగదాని జోలికి వెళ్ళొద్దు. కారణాలున్నాయి. చాలా యూనిట్లలో (వేట కోసం రాష్ట్రాన్ని విడగొట్టిన ప్రాంతాల్లో) మగ ఎల్క్‌ని కాల్చాలంటే ఒకవైపు కొమ్ముకి కనీసం నాలుగు కొనలుండాలి, లేదా నుదుటి దగ్గరి కొన కనీసం 5 అంగుళాలుండాలి. తెల్లవారుజామున, ఆస్పెన్ చెట్ల మధ్య, కదులుతున్న జంతువు తలమీద అది లెక్కపెట్టడం పెద్దవాళ్ళకే కష్టం. పదమూడేళ్ల పిల్లాడి గుండె అప్పటికే దడదడలాడుతూ ఉంటుంది. ఆడ ఎల్క్‌లు మందలో ఎక్కువ, మాంసం మెత్తన, మోయాల్సిన బరువు తక్కువ. పరిమితంగా ఇచ్చే ఆడ ఎల్క్ ట్యాగుల్లో 15 శాతం దాకా పిల్లలకి విడిగా పక్కన పెడతారు. రాష్ట్రంలో ఆరు నెలలుగా వరుసగా ఉంటున్నవాళ్ళకి రెసిడెంట్ ధర పడుతుంది, పిల్లలకి అది ఇంకా చాలా తక్కువ. టెక్సాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే మిత్రుణ్ణి కూడా తీసుకెళ్దామనుకుంటే మాత్రం ఆయనకి మగ ఎల్క్ లైసెన్స్ 800 డాలర్లు దాటుతుంది, ముందే చెప్పండి.

ట్యాగ్ డ్రా (లాటరీ) దరఖాస్తుల గడువు ఏప్రిల్ మొదటివారంలో ముగుస్తుంది. అది దాటిపోయి ఉంటే ఆగస్టులో మిగిలిపోయిన ట్యాగుల జాబితా అమ్మకానికి వస్తుంది, అందులో ఆడ ఎల్క్ ట్యాగులు దొరుకుతాయి. తరవాత కూడా ఎవరో తిరిగిచ్చేసినవి వస్తూనే ఉంటాయి. ట్యాగ్ మీద యూనిట్ నంబర్, సీజన్ ఉంటాయి, పక్కింటివాళ్ళ యూనిట్, మీ అబ్బాయి యూనిట్ ఒకటే అయ్యేలా చూసుకోండి. మొదటి రైఫిల్ సీజన్ అక్టోబర్ మధ్యలో ఐదు రోజులే ఉంటుంది, రెండోది అక్టోబర్ చివర్లో వచ్చి ఎక్కువ రోజులు నడుస్తుంది. స్కూల్ సెలవులు చూసుకుని ఎంచుకోండి.

కుటుంబాలు ఎక్కువగా తప్పటడుగు వేసే చోటు ఒకటుంది. ఎవరి ట్యాగ్ మీద వాళ్ళే కాల్చాలి. "వాడు తడబడుతున్నాడు, నేను కొట్టేస్తాను, వాడి ట్యాగ్ పెడదాం" అనడం నేరం. తండ్రి అయినా, తాత అయినా అంతే. ఎల్క్ పడగానే ట్యాగ్ విడదీసి, అబ్బాయే సంతకం చేసి తేదీ వేయాలి.

తుపాకీ గురించి క్లుప్తంగా చెప్తాను, దీనిమీద వాదించేవాళ్ళు నాకంటే చాలామంది ఉన్నారు. ఎల్క్‌కి చట్టం ఒప్పుకునే కనీస కాలిబర్, అంటే తూటా వ్యాసం, .24 అంగుళాలు, తూటా బరువు కనీసం 85 గ్రెయిన్లు. ఆ లెక్కన .243 సరిపోతుంది, కానీ కనీసం అనేది ఎప్పుడూ కనీసమే. నేనైతే పిల్లలకి 6.5 క్రీడ్‌మోర్ గానీ 7ఎంఎం-08 గానీ ఇస్తాను. భుజానికి పెద్ద దెబ్బ తగలదు, ఎల్క్‌కి చాలు. పెద్ద మాగ్నం రైఫిల్ ఇచ్చి పిల్లాణ్ణి బెదరగొడితే వాడు కళ్ళు మూసుకుని ట్రిగ్గర్ లాగడం అలవాటు చేసుకుంటాడు, అది పోగొట్టడం మహా కష్టం. తూటా రాగిదైతే మంచిది. సీసం తూటా లోపల చిన్నచిన్న ముక్కలై మాంసంలో దూరంగా చిమ్ముతుంది, ఆ మాంసం తినేది మీ పిల్లలే. చెవులకి రక్షణ రేంజ్‌లోనే కాదు, కొండమీద కూడా పెట్టించండి.

రేంజ్‌లో బల్లమీద ఆనించి కాల్చడం నేర్చుకుంటే కొండమీద పెద్దగా పనికిరాదు. కూర్చుని, మోకాళ్ళమీద మోచేతులు ఆనించి, కర్రల స్టాండ్ మీద రైఫిల్ పెట్టి సాధన చేయించండి. ఎగశ్వాస వచ్చేలా కాస్త పరిగెత్తించి కాల్పించండి. అలా ఎంత దూరంలో ప్రతిసారీ ఒక పళ్ళెం అంత చోటులో పెట్టగలుగుతాడో, అదే వాడి హద్దు. చాలామంది పిల్లలకి అది 150 గజాల చుట్టూ ఉంటుంది, 200 దాటితే నేను ఒప్పుకోను. ఎల్క్ పూర్తిగా పక్కకి తిరిగి నిలబడాలి, దాని వెనక ఇంకో ఎల్క్ ఉండకూడదు, ఆకాశం కనిపించే గుట్ట అంచుమీద ఉండకూడదు. ముందు కాలు వెనక, ఒంటి ఎత్తులో కింది మూడోవంతు దగ్గర గురి. దెబ్బ తగిలాక అది పరిగెత్తితే వెంటనే వెంటపడొద్దు. అరగంట కూర్చోండి, రెండు బిస్కెట్లు తినండి, తరవాత రక్తం చుక్కలు చూసుకుంటూ నిదానంగా వెళ్ళండి.

ఎక్కడ వెతకాలి అనేది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. మీకర్ వెనక ఉన్న ఫ్లాట్ టాప్స్, వైట్ రివర్ నేషనల్ ఫారెస్ట్ ప్రాంతంలో ఉన్న ఎల్క్ మంద ఈ రాష్ట్రంలోనే అతి పెద్దది. అలాగని దిగగానే కనిపిస్తాయనుకోవద్దు. రాష్ట్రం మొత్తం మీద ఎల్క్ ట్యాగ్ కొన్నవాళ్ళలో ఐదుగురిలో ఒకరికి దొరికితే మంచి ఏడాది కింద లెక్క. సెప్టెంబర్‌లో జత కట్టే కాలంలో మగవి ఈల వేసినట్టు అరుస్తాయి, ఎక్కడున్నాయో చెవులతోనే తెలిసిపోతుంది. అక్టోబర్ మధ్యకి అది దాదాపు సద్దుమణుగుతుంది. పైగా మొదటి రోజు తుపాకీ మోతకే అన్నీ రోడ్లకి దూరంగా జరిగిపోతాయి.

కొండకి ఉత్తరం వైపు వాలు చూడండి. ఎండ తక్కువ పడుతుంది కాబట్టి అక్కడ స్ప్రూస్, ఫర్ చెట్లు దట్టంగా, చీకటిగా ఉంటాయి. పగలంతా ఎల్క్‌లు ఆ నీడలో పడుకుని నెమరు వేస్తాయి. దక్షిణం వైపు వాలు మీద గడ్డి, సేజ్ పొదలు. పొద్దు వాలే వేళకి అక్కడికి మేతకొస్తాయి, తెల్లారాక తిరిగి చీకటి అడవిలోకి వెళ్తాయి. మీరు కాపు కాయాల్సింది ఈ రెండిటి మధ్య దారిలో. కాల్చడానికి చట్టం ఇచ్చిన సమయం సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తరవాత అరగంట దాకా. మొదటి గంట, చివరి గంటే అసలు వేట. మధ్యాహ్నం పిల్లల్ని నిద్రపోనివ్వండి.

గాలి సంగతి పక్కింటాయన చెప్తారు గానీ మీరూ గమనించండి. ఎల్క్ మిమ్మల్ని చూస్తే కాసేపు నిలబడి ఆలోచిస్తుంది, చప్పుడు వింటే చెవులు నిక్కపొడుస్తుంది, వాసన తగిలితే మాత్రం ఇంకేమీ చూడదు, మంద మొత్తం కొండ దాటేస్తుంది. కొండల్లో గాలికి ఒక రోజువారీ నడక ఉంది. పొద్దున ఎండ పడ్డాక నేల వేడెక్కి గాలి వాలు మీదుగా పైకి పాకుతుంది. సాయంత్రం చల్లబడ్డాక కిందికి జారుతుంది. కాబట్టి పొద్దెక్కాక వాటికంటే పైన ఉండాలి, సాయంత్రం వాటికంటే కింద. ఎండ తగిలే ఆ మొదటి గంటలో మాత్రం గాలి ఎటూ తేల్చుకోక సుడులు తిరుగుతుంది, అప్పుడు కదలకపోవడమే మేలు. చిన్న సీసాలో టాల్కమ్ పౌడర్ పోసి మీ అమ్మాయి చేతికివ్వండి. పది నిమిషాలకోసారి కాస్త చిమ్మి గాలి ఎటు పోతోందో చెప్పడం ఆమె పని. తొమ్మిదేళ్ల పిల్లకి అది చాలా ముఖ్యమైన ఉద్యోగం, నిజానికి పెద్దవాళ్ళకీ అంతే ముఖ్యం. ఒక మంచి బైనాక్యులర్ కూడా ఆమెకి ఇవ్వండి. పిల్లల కళ్ళు మనకంటే ముందు కనిపెడతాయి.

ఆరెంజ్ బట్టలు మర్చిపోవద్దు. రైఫిల్ సీజన్లో నడుం పైభాగాన కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే ఆరెంజ్ గానీ పింక్ గానీ ఉండాలి, టోపీ కూడా అదే రంగులో అన్ని వైపులనుంచీ కనిపించాలి. మచ్చల డిజైన్ ఉన్నవి లెక్కలోకి రావు. చట్టం వేటగాళ్ళకే అంటుంది, మీరు మాత్రం తాతయ్యతో సహా అందరికీ వేయండి. ఎల్క్ కంటికి ఆ రంగు మనకి కనిపించినట్టు కనిపించదు, భయం లేదు.

ఇప్పుడు మొదట్లో అన్న విషయానికి వస్తాను. ఆడ ఎల్క్ బతికుండగా 220 కేజీల పైమాటే, మగది 300 కేజీలు దాటుతుంది. ఎముకలు తీసేసినా ఆడదాన్నుంచి 55, 65 కేజీల మాంసం వస్తుంది, మగదాన్నుంచి 90 కేజీలు రావచ్చు. ఎముకతో పాటు మోస్తే రెండు వెనక తొడలు, రెండు ముందు జబ్బలు, వీపు కండలూ మెడ మాంసమూ కలిపి ఇంకో సంచి, మొత్తం ఐదు మోతలు. మీరూ పక్కింటాయనా ఇద్దరే మోస్తున్నారనుకోండి. రోడ్డుకి ఒకటిన్నర మైలు దూరంలో పడితే, మూడు మోతలు మోసేవాళ్ళకి ఏడున్నర మైళ్ల నడక. అందులో సగానికి పైగా వీపున పాతిక కేజీలతో, 9,500 అడుగుల ఎత్తులో, పడిపోయిన చెట్లు దాటుకుంటూ. ఆ టైమ్‌లో పిల్లల దగ్గర ఎవరుంటారు? అందుకే నా లెక్క: పిల్లలతో వెళ్ళినప్పుడు బండి ఆపిన చోటికి మైలు లోపల, అదీ రోడ్డుకంటే పై వాలులో ఉంటేనే కాల్చండి. బరువుతో కిందికి దిగడం ఒక ఎత్తు, లోయలోంచి పైకి ఎక్కడం ఇంకో ఎత్తు. లోయలో ఎంత మంచి ఎల్క్ కనిపించినా చూసి ఆనందించి వదిలేయండి. ఫ్లాట్ టాప్స్‌లో చాలా భాగం వైల్డర్‌నెస్, అంటే ఉన్నది ఉన్నట్టు కాపాడే అడవి, అక్కడ మోటారు బళ్ళే కాదు, చక్రాలున్న తోపుడు బండి కూడా నిషిద్ధం. గుర్రాలమీద మాంసం దించిపెట్టేవాళ్ళు మీకర్ చుట్టుపక్కల ఉంటారు. బయల్దేరే ముందే ఒకరి ఫోన్ నంబర్, ధర కనుక్కుని ఉంచుకోండి.

మాంసం పాడు చేయకపోవడం మంచి అలవాటు మాత్రమే కాదు, చట్టం. నాలుగు కాళ్ల మాంసం, వీపు కండలు, లోపలి మెత్తని కండలు తప్పనిసరిగా తినడానికి వీలుగా తీసుకురావాలి. ఆడదో మగదో తెలిసే భాగం మాంసానికి సహజంగా అంటుకునే ఉండాలి, దాన్ని కోసి విడిగా సంచిలో వేస్తే తప్పే. ఎల్క్ ఒంటి వేడి త్వరగా దిగదు, ఆ తోలు అంత మందం. పడిన గంటలోపే తోలు ఒలవడం మొదలుపెట్టి, తొడలు విడదీసి, గాలి ఆడే గుడ్డ సంచుల్లో నీడన వేలాడదీయాలి. పొట్ట చీల్చకుండానే ఒక్కో వైపూ కోసుకుంటూ పోయే పద్ధతి ఉంది, కొత్తవాళ్ళకి అదే సులువు. మన ఊళ్లలో దసరాకి, బోనాలకి మేకని కోయడం చూసి పెరిగినవాళ్ళైతే మీ నాన్నగారే ఇక్కడ అందరికంటే పనికొస్తారు. కత్తి పట్టుకోవడానికి వీసా అడ్డం కాదు.

నాన్నగారిని మాత్రం కొండమీద టెంట్‌లో పడుకోబెట్టొద్దు. డెన్వర్ మైలు ఎత్తు, మీకర్ ఊరు 6,200 అడుగులు, క్యాంప్ 9,000 పైన. వచ్చిన వారంలోనే ఆయన్ని అక్కడికి తీసుకెళ్తే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం చాలా మామూలు. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, నడక తూలడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా కిందికి దించేయాలి. బీపీ, గుండె మందులు వాడుతుంటే ముందే డాక్టర్‌ని అడగండి. రాత్రుళ్ళు ఊళ్ళో గది తీసుకుని, పగలు క్యాంప్‌కి వచ్చి మంట దగ్గర కూర్చుంటే ఆయనకీ హాయి, మీకూ నిశ్చింత. ఎలుగులుంటాయా అని అడుగుతారు. ఉంటాయి, నల్ల ఎలుగులు. ఈ రాష్ట్రంలో గ్రిజ్లీలు లేవు. మాంసం క్యాంప్‌కి దూరంగా, ఎత్తుగా వేలాడదీస్తే చాలు.

చలి రాత్రి మైనస్ పదికి దిగొచ్చు, పగలు చొక్కాతో తిరగొచ్చు, మర్నాడు అడుగు మంచు పడొచ్చు. కాటన్ బట్టలు, జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. టెంట్‌లో కట్టెల పొయ్యి గానీ గ్యాస్ హీటర్ గానీ పెడితే కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. అన్నట్టు, పదివేల అడుగుల ఎత్తులో నీళ్ళు 90 డిగ్రీలకే మరిగిపోతాయి, అన్నం పలుకులు పలుకులుగా మిగిలిపోతుంది, కందిపప్పు సంగతి చెప్పక్కర్లేదు. ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్ళండి. పక్కింటివాళ్ళు ముందు నవ్వుతారు, రెండో రోజు పప్పన్నం వాళ్ళే అడుగుతారు.

ఫోన్ సిగ్నల్ ఉండదు. శాటిలైట్ మెసెంజర్ ఒకటి అద్దెకైనా తీసుకోండి. మ్యాప్ యాప్‌లో ఆ ప్రాంతం ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, భూమి ఎవరిదో చూపించే యాప్ అయితే మరీ మంచిది. కొలరాడోలో ప్రైవేట్ భూమికి కంచె గానీ బోర్డు గానీ ఉండాలన్న నియమం లేదు, తెలుసుకోవాల్సిన బాధ్యత మీదే. లైసెన్స్ ధరలోనే సెర్చ్ అండ్ రెస్క్యూ నిధికి 25 సెంట్లు పోతాయి. కొండల్లో తప్పిపోతే వెతకడానికి వచ్చేది వాలంటీర్లే, దానికి డబ్బు తీసుకోరు. ఖర్చవుతుందేమో అని సాయం అడగడానికి ఆలస్యం చేయొద్దు.

మీ ఆవిడ టెన్షన్ గురించి. తుపాకీ భయమైతే దానికి మందు నియమాలే: బండిలో ఉన్నప్పుడు చాంబర్ ఖాళీ, క్యాంప్‌లో పూర్తిగా ఖాళీ, మందు తాగినవాళ్ళు తుపాకీ ముట్టుకోకూడదు. పక్కింటివాళ్ళ క్యాంప్‌లో పగలు బీర్ తాగే అలవాటు ఉంటే ముందే తెలుసుకోండి, ఉంటే మర్యాదగా రానని చెప్పేయండి. చంపడం చూసి పిల్లాడు ఏమైపోతాడో అన్న భయమైతే, అది న్యాయమైన ప్రశ్న. నేను చూసిన పిల్లల్లో కొందరు ఏడ్చారు, కొందరు మౌనంగా అయిపోయారు, ఒకరిద్దరు ఇక చాలన్నారు. ఏదీ తప్పు కాదు. బయల్దేరే ముందే వాడికి స్పష్టంగా చెప్పండి: ఎల్క్ ఎదురుగా ఉన్నా సరే, వద్దనిపిస్తే కాల్చక్కర్లేదు, ఎవరూ ఏమీ అనరు. ఆ మాట పక్కింటాయనకి కూడా చెప్పి ఉంచండి, లేకపోతే ఆ క్షణంలో ఆయన "కొట్టు, కొట్టు" అని చెవిలో ఊదుతారు.

ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం నీడన పెరిగినవాళ్ళం కాబట్టి వేట అనగానే మనకి నేరమనిపిస్తుంది. ఇక్కడి కథ వేరు. వందేళ్ల కిందట ఈ రాష్ట్రంలో ఎల్క్‌లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, ఎస్టెస్ పార్క్‌కి 1913, 14లో ఎల్లోస్టోన్ నుంచి తెచ్చి వదిలారు. ఇప్పుడు దేశంలో ఏ రాష్ట్రంలోనూ లేనన్ని ఇక్కడ ఉన్నాయి. వాటి సంరక్షణ ఖర్చులో పెద్ద భాగం వేట లైసెన్సుల డబ్బు, 1937 నాటి చట్టం ప్రకారం ఇటు మళ్ళించే, తుపాకుల మీద, తూటాల మీద వేసే ఫెడరల్ పన్ను. దీనితో మీ ఆవిడ ఒప్పుకుంటారని కాదు, కనీసం మీరు ఏమని చెప్పాలో తెలుస్తుంది.

ఇంటికొచ్చాక ఒక పని ఉంది, తినే ముందు చేయాల్సింది. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని జింకల జాతికి వచ్చే మెదడు జబ్బు ఒకటుంది. 1960లలో ఫోర్ట్ కాలిన్స్ దగ్గరే మొదట గమనించారు. మనుషులకి సోకినట్టు ఇప్పటిదాకా రుజువు లేదు, కానీ జబ్బున్న జంతువు మాంసం తినొద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తోంది. ఎంత ఉడికించినా ఆ జబ్బు తెచ్చే ప్రియాన్ అనే ప్రోటీన్ చావదు. తల సీపీడబ్ల్యూ కేంద్రంలో ఇచ్చి పరీక్ష చేయించండి. ఫలితం వచ్చేదాకా మాంసం మీద పేరు, తేదీ రాసి ఫ్రీజర్‌లో పెట్టండి. బంధుమిత్రులకి పంచడం కూడా ఆ తరవాతే. పంచొచ్చు గానీ అమ్మకూడదు.

వండటం గురించి చాలామంది నిరాశపడతారు, ఎందుకంటే మేక మాంసంలా వండుతారు. దీంట్లో కొవ్వు దాదాపు ఉండదు, ఉన్న కాస్త తెల్ల కొవ్వు నోట్లో మైనంలా అంటుకుంటుంది, అది మొత్తం కోసి పారేయండి. వీపు కండలు పెద్ద మంటమీద రెండు వైపులా కాల్చి, లోపల కాస్త ఎర్రగా ఉండగానే దించాలి. తొడ మాంసం పెరుగు, అల్లంవెల్లుల్లిలో రాత్రంతా నానబెట్టి, కుక్కర్‌లో మామూలుకంటే రెండు విజిల్స్ ఎక్కువ. గోంగూరతో బ్రహ్మాండంగా కుదురుతుంది. కాళ్ల ఎముకలతో పులుసు, మెడ మాంసంతో కీమా. కొవ్వు లేదు కాబట్టి ఉప్పు, పసుపు, కారం పట్టించి ఎండబెట్టే తునకలకి దీన్ని మించింది లేదు. కొలరాడో గాలి పొడిగా ఉంటుంది గానీ అక్టోబర్ ఎండని నమ్మొద్దు, డీహైడ్రేటర్ వాడండి.

పక్కింటాయన్ని యూనిట్ నంబర్, ఏ సీజన్, క్యాంప్ ఏ రోడ్డు మీద అని అడిగి ఇక్కడ రాయండి. ఆ యూనిట్‌లో పిల్లల ట్యాగులు ఎలా ఉన్నాయో, రోడ్డుకి మైలు లోపల కూర్చోడానికి వీలైన వాలులు ఎక్కడున్నాయో మ్యాప్ చూసి చెప్తాను.